సీట్లు పెరిగితే మనకేటి? పెద్దాసుపత్రి వార్తల్లో అంకెల వెనక సంగతులు

ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మా చిన్నాన్నకు పొద్దున్నే పేపరు పైకి చదవడం అలవాటు. ఇంట్లో ఎవరు విన్నా వినకపోయినా ఆయన చదువుతూనే ఉంటాడు. మొన్న నేను వెళ్లినప్పుడు ఆసుపత్రి వార్తొకటి దొరికింది. పీజీ సీట్లు పెరిగాయి, కొత్త బ్లాకు కట్టారు, ఏదో అరుదైన ఆపరేషన్ చేశారు, అన్నీ ఒకే పేజీలో. చదివి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "సీట్లు పెరిగితే మనకేటిరా? రాత్రిపూట మంచం దగ్గరికొచ్చే డాక్టరు పెరిగాడా లేదా, అది రాయరేటి?" అన్నాడు.

ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది. పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల నుంచి వచ్చే విజయాల వార్తలు మామూలుగా నిజమే చెబుతాయి. చిక్కల్లా ఆ నిజం ఎవరికి సంబంధించినదన్న దగ్గరే. కొన్ని అంకెలు విద్యార్థులవి, కొన్ని ఇంజనీర్లవి, కొన్ని సర్జన్‌వి. రోగికి చెందిన అంకె ఏదో వాటిలోంచి వెతికి పట్టుకోవాలి.

## ఈ సరిహద్దులో 'పెద్దాసుపత్రి' అంటే ఏది

1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు గీత మ్యాపు మీద పడింది గానీ, జబ్బు చేసినవాళ్లు నడిచే దారి మారలేదు. గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్లకు పెద్ద దిక్కు బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి. 1962లో మొదలైన ఈ కాలేజీకి పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు. కటక్, బుర్లా తర్వాత ఒడిశాలో వచ్చిన మూడో ప్రభుత్వ వైద్య కళాశాల ఇదే. అవతల ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు, వాళ్లకు శ్రీకాకుళం కంటే బరంపురమే దగ్గర.

కోరాపుట్, జైపూర్, రాయగడ వైపు మాత్రం ఘాట్ రోడ్డు దిగి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) పోవడం పాత అలవాటు. 2017లో కోరాపుట్‌లోనే షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరిట మెడికల్ కాలేజీ వచ్చాక కొంత రద్దీ అక్కడే ఆగుతోంది. స్వాతంత్ర్య యోధుడైన ఆ లక్ష్మణ్ నాయక్‌ను ఉరితీసింది 1943లో, బరంపురం జైల్లో. అంటే ఈ సరిహద్దు ఆసుపత్రుల పేర్లు చదివితే సగం చరిత్ర తెలిసిపోతుంది.

ఇక్కడ 'ఆసుపత్రుల సమూహం' అన్న మాట ఒకటి అర్థం చేసుకోవాలి. విశాఖలో 1923లో పుట్టిన ఆంధ్ర మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి అంటే కేజీహెచ్ ఒక్కటే కాదు. ఆడవాళ్లకు ఘోషాసుపత్రి, కళ్లకు ప్రాంతీయ కంటి ఆసుపత్రి, చెవి-ముక్కు-గొంతుకు ఈఎన్‌టీ ఆసుపత్రి, ఊపిరితిత్తులకు ఛాతీ ఆసుపత్రి, మానసిక వైద్యానికి మరొకటి, అన్నీ ఆ కాలేజీ నీడలోవే. కాబట్టి చెవిపోటుతో రాయగడ నుంచి రాత్రి రైలెక్కి, పొద్దున్నే కేజీహెచ్ ఓపీ లైన్లో నిలబడ్డ మనిషికి "ఇక్కడ కాదు, ఈఎన్‌టీకి వెళ్లండి" అన్న మాట వినబడితే ఎవరో తిప్పి పంపారనుకుంటాడు. నిజానికి ఆయన వచ్చింది సరైన సమూహానికే, చేరింది వేరే గుమ్మానికి. వార్తలో 'మా ఆసుపత్రుల్లో ఇన్ని వేల మంచాలు' అని ఉంటే అవి నగరంలో నాలుగైదు చోట్ల పరుచుకుని ఉన్న మంచాల మొత్తం కావచ్చు.

## సీటు ఎవరిది, మంచం ఎవరిది

బోధనాసుపత్రికి ఇద్దరు యజమానులు. ఒకరు రోగి, ఇంకొకరు విద్యార్థి. 'సీటు' రెండోవాడిది. ఎంబీబీఎస్ సీటంటే ఏటా కాలేజీలో చేరే ఒక కుర్రాడి చోటు, అంతే. అయితే దానికీ మంచానికీ ఒక తాడుంది. జాతీయ వైద్య కమిషన్ 2023లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఏటా 100 సీట్లున్న కాలేజీకి 420 మంచాలుండాలి. 150 సీట్లకు 605, 200కి 800, 250కి 900.

ఈ అంకెల్ని కొంచెం నిదానంగా చూడండి. 150 సీట్ల కాలేజీ 250కి పెరిగితే విద్యార్థులు 100 మంది పెరిగారు, అంటే సుమారు 67 శాతం. ఉండాల్సిన మంచాలు 605 నుంచి 900కి, అంటే దాదాపు 49 శాతమే. ఇంకో సంగతి. పాత పెద్ద ఆసుపత్రుల్లో మంచాలు అప్పటికే 900 దాటి ఉంటే, వంద సీట్లు పెరిగినా ఒక్క కొత్త మంచం వేయనక్కర్లేదు. వార్త నిజమే, వార్డు మాత్రం నిన్నటిలాగే ఉంటుంది.

పీజీ సీటు సంగతి వేరు. ఎంబీబీఎస్ విద్యార్థి వార్డుకు నేర్చుకోవడానికి వస్తాడు. పీజీ వచ్చేది నేర్చుకోవడానికీ, పని చేయడానికీ. ఎండీ, ఎంఎస్ చదివేవాళ్లు మూడేళ్లపాటు వార్డుల్లో, కాజువాలిటీలో, ఆపరేషన్ థియేటర్‌లో డ్యూటీలు చేస్తారు. రాత్రి రెండింటికి సెలైన్ ఆగిపోతే మీ అన్నయ్య పరుగెత్తుకెళ్లి లేపేది ఎక్కువగా వీళ్లనే. జనరల్ మెడిసిన్‌లో ఏటా చేరే పీజీ సీట్లు 10 పెరిగాయంటే మూడేళ్లు తిరిగేసరికి ఆ విభాగంలో 30 మంది డాక్టర్లు అదనం అన్నమాట. అదే సీట్లు అనాటమీలోనో ఫిజియాలజీలోనో పెరిగితే వార్డుకు నేరుగా తేడా ఏమీ పడదు. అవి రేపటి అధ్యాపకుల కోసం, వాటి అవసరం వాటిది. మా చిన్నాన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది: సీట్లు ఎన్ని అన్నది కాదు, ఏ విభాగంలో అన్నది.

దీనికి ఒక మెలిక కూడా ఉంది. జిల్లా రెసిడెన్సీ అని, పీజీలు చదువు మధ్యలో మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమం వచ్చింది. ఆ మూడు నెలలూ పెద్దాసుపత్రి ఒక చేతిని వదులుకుంటుంది, జిల్లా ఆసుపత్రికి ఒక చెయ్యి దొరుకుతుంది.

## మంచాలు పెంచకుండా చోటు పెంచే లెక్క

మంచాల సంఖ్య కన్నా పత్రికలు తక్కువగా రాసే అంకె ఒకటుంది. రోగి సగటున ఎన్ని రోజులు మంచం మీద ఉంటున్నాడన్నది. లెక్క చేసి చూద్దాం. 100 మంచాల వార్డు. ఒక్కో రోగి సగటున 5 రోజులుంటే, 100ను 365తో గుణించి 5తో భాగిస్తే ఏడాదికి 7,300 మందికి చోటు. ఎక్స్‌రే, స్కాన్, రక్తపరీక్షల రిపోర్టులు తొందరగా వచ్చి సగటు 4 రోజులకు దిగితే అదే వార్డులో 9,125 మంది. ఒక్క ఇటుక పెట్టకుండా 1,825 మంది అదనం.

అందుకే 'ల్యాబ్ ఇకపై 24 గంటలూ' అన్న చిన్న వార్త, పేజీ మూలలో పడ్డా, కొన్నిసార్లు కొత్త బ్లాకు కంటే పెద్దది. శుక్రవారం సాయంత్రం రాసిన స్కాన్ సోమవారం దాకా ఆగితే ఆ రోగికి మూడు రోజులు పోతాయి, కింద చాప మీద ఉన్న ఇంకో రోగికి మంచం పోతుంది. సగటు దించాలని పూర్తిగా కోలుకోనివాళ్లను పంపించేస్తే వాళ్లే వారంలో తిరిగొస్తారు. కాబట్టి రోజులు తగ్గాయన్నప్పుడు, తిరిగి చేరినవాళ్లెందరో కూడా పక్కనే ఉంటేనే లెక్క తేలుతుంది.

## 'మొట్టమొదటిసారి', 'అరుదైన' అనే మాటలు

'మొట్టమొదటి' అన్నప్పుడు దాని ముందు చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది. దేశంలోనా, రాష్ట్రంలోనా, ప్రభుత్వ రంగంలోనా, దక్షిణ ఒడిశాలోనా, ఈ ఆసుపత్రిలోనా? నా మటుకు చివరిదే రోగికి ఎక్కువ పనికొచ్చేది. బరంపురంలో మొదటిసారి జరిగిందంటే, ఇన్నాళ్లూ దానికోసం కటక్‌కో విశాఖకో పోయినవాళ్లు ఇక పోనక్కర్లేదేమో. ఆ 'ఏమో' తేలేది రెండోసారి, పదోసారి, యాభయ్యోసారి జరిగాక. అవి మాత్రం వార్తలు కావు.

'అరుదైన' అన్న మాటకు రెండు అర్థాలు. జబ్బే అరుదైనది కావచ్చు. జబ్బు మామూలుదే అయి, ఈ ఆసుపత్రిలో ఆ ఆపరేషన్ అరుదు కావచ్చు. చాలా ఆపరేషన్ల విషయంలో, తరచుగా చేసే చోటే ఫలితాలు మెరుగ్గా ఉంటాయని ఎన్నో దేశాల అనుభవం. కాబట్టి రెండో రకం అరుదులో గర్వంతో పాటు కాస్త ఆలోచన కూడా ఉండాలి.

ఇంకో రకం వార్త ఉంది. 'మహిళ కడుపులోంచి ఇన్ని కిలోల కణితి తొలగింపు.' పళ్లెంలో కణితి, చుట్టూ ఆకుపచ్చ గౌనుల్లో డాక్టర్లు, ఫొటో. అంత పెద్ద కణితిని తీయడం సర్జన్‌కూ మత్తు డాక్టర్‌కూ నిజంగానే కష్టమైన పని, మెచ్చుకోవాల్సిందే. కానీ కణితి ఒక్క రోజులో కిలోలకు కిలోలు పెరగదు. ఆ బరువులో ఆమె ఆసుపత్రికి రాలేకపోయిన నెలలు, కొన్నిసార్లు ఏళ్లు ఉన్నాయి. ఆ ఫొటోలో కనిపించేది పెద్దాసుపత్రి గెలుపు, ఫొటోలోకి రానిది ఆమె ఊరి దగ్గరి చిన్నాసుపత్రి కథ.

అవయవదానం వార్తల్లోనూ రెండు వేరు పనులు కలిసిపోతుంటాయి. 1994 నాటి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్‌ను నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. ఆ తర్వాత అవయవాలు సేకరించడం ఒక పని, వాటిని ఇంకొకరికి అమర్చడం మరో పని. సేకరణకు మాత్రమే అనుమతి ఉన్న ఆసుపత్రులుంటాయి. 'ఫలానా ఆసుపత్రిలో అవయవదానం' అన్న శీర్షిక చూసి, అక్కడ కిడ్నీ మార్పిడి కూడా చేస్తారనుకుని, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి ఎవరైనా బయల్దేరితే ఆ తప్పు వాళ్లది కాదు.

## రిబ్బన్ కత్తిరించిన రోజు, తలుపు తెరిచిన రోజు

మంజూరు, శంకుస్థాపన, ప్రారంభోత్సవం, సేవలు మొదలవడం. ఒకే భవనం గురించి నాలుగుసార్లు మంచి వార్త రాయొచ్చు. రోగికి లెక్కలోకి వచ్చేది నాలుగోదే. బరంపురం ఎంకేసీజీలో సూపర్ స్పెషాలిటీ విభాగాల కోసం వచ్చిన కేంద్ర పథకం, ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన, చూడండి. ఇందులో భవనానికీ యంత్రాలకూ ఎక్కువ వాటా కేంద్రానిది, కొంత రాష్ట్రానిది. లోపల పనిచేసే మనుషుల్ని నియమించడం మాత్రం రాష్ట్రం పని. సిమెంటు ఒక దారిలో, డాక్టరు ఇంకో దారిలో వస్తారు కాబట్టి దేశంలో ఎక్కడైనా ఈ రెండూ ఒకే రోజు చేరడం అరుదు.

క్యాథ్‌ల్యాబ్ ఉదాహరణ తీసుకుందాం. గుండె రక్తనాళంలో అడ్డు ఎక్కడుందో చూసి స్టెంట్ వేసే గది అది. వారానికి 168 గంటలు. ఒక కార్డియాలజిస్టు వారానికి 48 గంటలు పనిచేస్తాడనుకుంటే 168ని 48తో భాగిస్తే మూడున్నర. సెలవులు కూడా కలిపితే కనీసం నలుగురు కావాలి. అంతే లెక్కన టెక్నీషియన్లు, నర్సులు. ఎండీ తర్వాత మరో మూడేళ్లు డీఎం చదివిన కార్డియాలజిస్టు ఒక్కడే ఉన్న చోట క్యాథ్‌ల్యాబ్ పగటి పూట ల్యాబే అవుతుంది. గుండెపోటుకు ఆ సంగతి తెలియదు కదా. 'క్యాథ్‌ల్యాబ్ ప్రారంభం' అన్న వార్తలో వేళలు లేకపోతే వార్త సగమే.

## చావుల శాతం ఎక్కువైతే చెడ్డ ఆసుపత్రేనా

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. "అక్కడికి పోతే తిరిగిరారు" అన్న మాట ప్రతి పెద్ద ప్రభుత్వాసుపత్రి గురించీ వినబడుతుంది. అంకెలు కూడా అదే చెబుతున్నట్టు కనిపిస్తాయి. నిజంగా చెబుతున్నాయా?

రెండు ఆసుపత్రులు ఊహించుకుందాం. అంకెలు ఉదాహరణకే. చిన్నాసుపత్రిలో 1,000 మంది చేరారు. అందులో మామూలు జబ్బులు 900, ప్రాణం మీదికొచ్చిన కేసులు 100. మామూలు వాళ్లలో 9 మంది, సీరియస్ వాళ్లలో 20 మంది పోయారు. మొత్తం 29, అంటే 2.9 శాతం.

పెద్దాసుపత్రిలోనూ 1,000 మందే. కానీ చుట్టుపక్కల జిల్లాలన్నీ చేతులెత్తేసిన కేసులు ఇక్కడికే వస్తాయి కాబట్టి మామూలువి 300, సీరియస్‌వి 700. మామూలు వాళ్లలో 2, సీరియస్ వాళ్లలో 98 మరణాలు. మొత్తం 100, అంటే 10 శాతం.

పైపైన చూస్తే పెద్దాసుపత్రిలో చావులు మూడు రెట్లకు పైనే. ఇప్పుడు విడదీయండి. మామూలు జబ్బుల్లో చిన్నాసుపత్రి 1 శాతం, పెద్దది 0.7 శాతం లోపే. సీరియస్ కేసుల్లో చిన్నది 20 శాతం, పెద్దది 14. రెండు చోట్లా పెద్దదే మెరుగు, మొత్తం కలిపితే మాత్రం పెద్దదే ఓడింది! మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. తప్పేమీ లేదు. ఎవరికి ఎలాంటి రోగులు వస్తున్నారన్నదే తేడా.

ఇదే లెక్కను తిరగేసి తప్పించుకోవడానికీ వాడొచ్చు. "మా దగ్గరికి సీరియస్‌వే వస్తాయి" అన్న జవాబు ప్రతి చావుకూ చెల్లదు. సీరియస్‌వే అయితే, అలాంటి కేసులే వచ్చే ఇంకో బోధనాసుపత్రితో పోల్చి చూపించాలి, నిరుటి తమ అంకెతో పోల్చి చూపించాలి.

ఇంకో లోతు కూడా ఉంది. మన దగ్గర ఇక లాభం లేదని తెలిశాక "ఇంటికి తీసుకుపోతాం" అని సంతకం పెట్టి, ఆక్సిజన్ సిలిండరున్న బండి మాట్లాడుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామంది. ప్రాణం ఇంట్లో పోవాలన్నది పెద్దల కోరిక. పైగా శవాన్ని రాష్ట్రం దాటించడమంటే బండి కిరాయి, కాగితాలు అన్నీ టెన్షన్. ఆసుపత్రి పుస్తకంలో ఇది మరణం కాదు, 'సలహాకు వ్యతిరేకంగా వెళ్లారు' అన్న గడిలో పడుతుంది. పై ఉదాహరణలో ఆ 98 మందిలో 30 మంది అలా వెళ్లి ఇంట్లో పోయారనుకోండి, పుస్తకంలో 68 మిగులుతుంది. చావుల శాతం తగ్గిందన్న వార్త చదివినప్పుడు ఈ గడి పెరిగిందా అని చూడాలి. వార్తలో అది సాధారణంగా ఉండదు.

## ర్యాంకులు, బోర్డులు

గేటు దగ్గర తగిలించే బోర్డుల గురించి క్లుప్తంగా. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు కాలేజీకి, ప్రధానంగా బోధన, పరిశోధన, చదువు పూర్తిచేసినవాళ్ల సంఖ్య, పేరుప్రతిష్ఠల మీద ఇస్తారు. నీ ఆపరేషన్ ఎలా జరుగుతుందో అది చెప్పదు. 2015లో మొదలైన కాయకల్ప్ అనే ప్రభుత్వ పురస్కారం శుభ్రతకు సంబంధించినది. 2017లో వచ్చిన 'లక్ష్య' గుర్తింపు కాన్పుల గది, ప్రసూతి ఆపరేషన్ థియేటర్ల నాణ్యతకు. గర్భిణి ఉన్న ఇంటికి మొదటిదాని కంటే ఈ చివరి బోర్డు పదిరెట్లు విలువైనది, అయినా దాని గురించి ఎవరూ మాట్లాడుకోగా వినలేదు.

## ప్రతి జిల్లాకో కాలేజీయా, ఉన్నదానికే బలమా

శ్రీకాకుళంలో 2008లో, కోరాపుట్‌లో 2017లో, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దీని మీద రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

మొదటిది దూరం వాదన. పర్లాకిమిడి నుంచి బరంపురం నూరు కిలోమీటర్లకు పైనే. కోరాపుట్ నుంచి విశాఖ దాదాపు 200, అందులో ఘాట్ కూడా. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని మనిషికి గొప్ప ఆసుపత్రి దూరంగా ఉండటం కన్నా ఓ మోస్తరుది దగ్గరుండటమే బతుకు.

రెండోది చేయి తిరగడం వాదన. స్పెషలిస్టులు కొద్దిమందే ఉన్నప్పుడు వాళ్లను పదిచోట్లకు పంచితే ఎక్కడా జట్టు కుదరదు. న్యూరోసర్జన్ ఉన్న చోట మత్తు డాక్టరు ఉండడు, ఇద్దరూ ఉన్న చోట సీటీ స్కాన్ పాడవుతుంది. క్యాథ్‌ల్యాబ్ లెక్క ఇక్కడా పనిచేస్తుంది.

నాకు కనిపించేదేమిటంటే, ఈ రెండు వాదనలూ వేర్వేరు జబ్బుల గురించి మాట్లాడుతున్నాయి. గుండెపోటునే చూడండి. స్టెంట్ వేయడానికి పెద్ద కేంద్రం కావాలి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మాత్రం ఈసీజీ తీసి, అర్థం చేసుకోగల డాక్టరున్న జిల్లా ఆసుపత్రిలోనే ఇవ్వొచ్చు. నొప్పి మొదలైన 12 గంటల్లోపు, ఎంత ముందైతే అంత మంచిది. అది చేసి అప్పుడు బండెక్కిస్తే రెండు ఆసుపత్రులూ కలిసి ఒక మనిషిని బతికించినట్టు. వార్త మాత్రం స్టెంట్ వేసిన చోటి నుంచే వస్తుంది.

## కార్డు ఏ రాష్ట్రానిది

సరిహద్దులో ఇది తప్పని పేచీ. ఇచ్ఛాపురం పిల్లను బరంపురం ఇచ్చారు. పుట్టింటి ఆరోగ్య కార్డులో పేరు తీసేశారు, అత్తింటి కార్డులో ఇంకా ఎక్కలేదు. ఆంధ్ర వైపు ఉన్న ఉచిత వైద్య పథకం, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, ఆంధ్ర కుటుంబాలకు. ఒడిశాలో పాత బిజు స్వాస్థ్య కళ్యాణ యోజన స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం ఆయుష్మాన్ భారత్, రాష్ట్రం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా వైద్యం, ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు.

ఆయుష్మాన్ కార్డు దేశమంతా చెల్లుతుందన్న మాట నిజమే, మూడు షరతులతో. ఆసుపత్రి ఆ పథకంలో నమోదై ఉండాలి. జబ్బు ప్యాకేజీల జాబితాలో ఉండాలి. రోగి చేరి ఉండాలి, ఓపీలో రాసిన మందులకూ పరీక్షలకూ అది వర్తించదు. "కార్డుంది కదా" అని కౌంటర్ దగ్గర గొడవపడేవాళ్లలో చాలామంది ఈ మూడోదాని దగ్గరే ఆగిపోతారు.

## నాలుగు మడతల చీటీ

మా చిన్నాన్న దగ్గర ఒక చీటీ ఉంది, ఎల్ఐసీ బాండ్ల కవర్లో దాచుకున్నాడు. కొన్నేళ్ల కిందట పిన్నికి ఆయాసం ముదిరి, ఒక ఆసుపత్రి నుంచి అర్ధరాత్రి పెద్దాసుపత్రికి పంపినప్పటిది. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరుగు. 'హయ్యర్ సెంటర్‌కు రెఫర్' అని ఒక్క వాక్యం, కింద పొట్టి సంతకం. ఏ విభాగానికి పంపుతున్నారో లేదు, అప్పటిదాకా ఏ ఇంజెక్షన్ ఇచ్చారో లేదు, బీపీ ఎంతో లేదు. అక్కడి డాక్టరు అన్నీ మొదటి నుంచి అడిగారు, ఒడియాలో. పిన్నికి మాట్లాడే ఊపిరి లేదు, చిన్నాన్నకు మందుల పేర్లు గుర్తు లేవు. ఖాళీ ఇంజెక్షన్ సీసా ఒకటి ఆయన లుంగీ మడతలో ఉండిపోయింది కాబట్టి సరిపోయింది. దాని మీది పేరు చదివి వైద్యం మొదలుపెట్టారు.

పిన్ని ఆరు రోజుల తర్వాత ఇంటికొచ్చింది. ఆ ఆరు రోజులూ ఏ వార్తలోనూ రాలేదు, రావడానికి అందులో మొట్టమొదటిదీ, అరుదైనదీ ఏమీ లేదు. పీజీ కుర్రాడొకడు రోజుకు మూడుసార్లు వచ్చి చూసేవాడట. అతని పేరు చిన్నాన్నకు గుర్తులేదు గానీ, వచ్చీరాని తెలుగులో "పిన్నిగారూ, గాలి గట్టిగా పీల్చు" అనేవాడని మాత్రం ఇప్పటికీ చెబుతాడు.